పాకం పట్టిన కార్లు

ఈ మధ్య మోడల్ కార్ల ప్రదర్శనకు వెళ్ళాలంటే నల్ల కళ్ళద్దాలు పెట్టుకోవాల్సి వస్తోంది. బల్లల మీద వరసగా ప్లాస్టిక్ కార్లు, ఒక్కోటీ జానెడుంటే ఎక్కువ, అన్నీ తాపేశ్వరం కాజాల్లా పాకంలో మునిగి తేలినట్టున్నాయి. 1932 ఫోర్డుకీ అదే మెరుపు, 1957 షెవర్లేకీ అదే మెరుపు, నిన్నగాక మొన్న వచ్చిన ఫెరారీకీ అదే మెరుపు. ఒకతను పాత పికప్ ట్రక్కు చేసి తెచ్చాడు. పొలాల్లో ఎరువు మోసే బండి. దానికీ అదే! తెలుగు కుర్రాడే, డెట్రాయిట్ పక్కన నోవైలో ఉంటాడు, పగలు సాఫ్ట్‌వేరు, రాత్రి ఎయిర్‌బ్రష్. "ఎలా ఉంది అంకుల్?" అన్నాడు. "బాగా తడిసింది నాయనా, తుడవలేదా?" అన్నాను. వీళ్ళ భాషలో 'వెట్ లుక్' అంటే పెద్ద మెప్పట. "థాంక్యూ అంకుల్" అని ఇంత మొహం చేసుకుని వెళ్ళిపోయాడు.

ఈ విషయంలో వంక పెట్టడానికి నాకు కాస్త అర్హత ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి, 1970లో డెట్రాయిట్ వచ్చి, రిటైరయ్యేదాకా కార్ల రంగులు తయారుచేసే లాబొరేటరీలోనే ఉన్నాను. నా ఉద్యోగమే మెరుపును కొలవడం. రేకు ముక్కకు రంగు కొట్టి, పొయ్యిలో ఎండబెట్టి, దాని మీద 60 డిగ్రీల కోణంలో వెలుతురు పడేసి, ఎంత తిరిగొచ్చిందో మీటరు చూసి రాసుకోవడం. నునుపైన నల్ల గాజుపలక మెరుపు నూరని లెక్క. ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఒక కారు మెరుపెంతో, రెండు చలికాలాలు ఉప్పు చల్లిన మిషిగన్ రోడ్ల మీద తిరిగాక అందులో మిగిలేదెంతో నాకు తెలుసు. ఈ కుర్రాళ్ళు 1970 కారు చేసి దాని మీద ఈనాటి మెరుపు పోస్తున్నారు. అదీ నా గొడవ.

ఆ రోజుల్లో కార్ల మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పైపూత ఉండేది కాదు. అమెరికన్ కార్లకు అది మామూలైంది 1980లలో. అంతకుముందు రంగే మెరవాలి, రంగే ఎండకు కాగాలి, రంగే వానకు తడవాలి. జనరల్ మోటార్స్ వాళ్ళు యాక్రిలిక్ లాకర్ వాడేవారు, ఫోర్డ్, క్రైస్లర్ వాళ్ళు ఎనామెల్ వాడేవారు. పక్కపక్కన నిలబెడితే, చూడ్డం తెలిసినవాడు పది అడుగుల అవతలి నుంచే ఏది ఏదో చెప్పేవాడు. లాకర్ మెరుపు లోపలికి లాగుతుంది, ఎనామెల్ మెరుపు పైనే ఉంటుంది. తలుపుల కింది భాగంలో 'ఆరెంజ్ పీల్' అని మేం తిట్టుకునే గరుకు కనిపించేది. డిక్కీ లోపల రంగు పలచగా, పట్టీ పట్టనట్టు ఉండేది. అది ఆ కాలపు కారు స్వరూపం. ఇవాళ మోడల్ చేసేవాళ్ళు ఆ కారు ఇంజను నంబరు కూడా సరిచూసుకుంటారు, సీటు కుట్లు లెక్కపెడతారు, మెరుపు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరికీ ఏ లెక్కా గుర్తుండదు.

మోడల్ కార్లకు పుట్టిల్లు కూడా మా డెట్రాయిట్ చుట్టుపక్కలే. 1948లో ఏఎమ్‌టీ వాళ్ళు అల్యూమినియంతో బొమ్మ కార్లు పోశారు, పేరులోని 'ఏ' అక్షరం అదే. తరవాత ప్లాస్టిక్‌కు మారారు. కొత్త సంవత్సరం కారు షోరూముకు వచ్చినప్పుడు, దాని చిన్న నమూనా కూడా డీలరు బల్ల మీద ఉండేది. అసలు కారు రంగులోనే అది తయారై వచ్చేది, ఇంకేమీ పుయ్యక్కర్లేదు. 1958లో అదే కంపెనీ ముక్కలు ముక్కలుగా పెట్టెలో పెట్టి, మీరే అతికించుకోండి అని అమ్మడం మొదలుపెట్టింది. ఒకే పెట్టెతో మూడు రకాలుగా చేసుకోవచ్చు: షోరూములో ఉన్నట్టు, సోకులు చేయించినట్టు, పందేలకు తయారైనట్టు. జో-హాన్ కంపెనీ డెట్రాయిట్‌లోనే ఉండేది. 1963లో ఎమ్‌పీసీ పక్కనే మౌంట్ క్లెమెన్స్‌లో వెలిసింది. నేనొచ్చేటప్పటికి రెండు డాలర్ల చిల్లర పెడితే కిట్టు వచ్చేది. ఇప్పుడు ముప్ఫై డాలర్లు పెట్టినా అవే పాత అచ్చుల్లో పోసినవి చాలా ఉన్నాయి. అచ్చు అంచులు అరిగిపోయి చుట్టూ ప్లాస్టిక్ రెక్కలు కూడా ఉచితంగా ఇస్తారు.

మా లాబ్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు. కుర్రతనంలో ఫిషర్ బాడీ పోటీకి కారు చేసి పంపాడు. అది జనరల్ మోటార్స్ వాళ్ళు 1930 నుంచి 1968 దాకా మగపిల్లలకు నడిపిన పోటీ. మొదట్లో రాజుల కాలం నాటి గుర్రబ్బండి నమూనా చెయ్యాల్సి వచ్చేది, తరవాత సొంత ఊహతో కారు. బహుమతి కాలేజీ చదువుకు డబ్బు. అందులో నెగ్గినవాళ్ళలో చాలామంది తరవాత కార్ల డిజైనర్లయ్యారు. కిట్టు లేదు, అచ్చు లేదు, కర్ర చెక్కి, లప్పం పెట్టి, రుద్ది, రంగు వెయ్యడమే. ఆయన నా మొదటి మోడల్ కారు చేతిలోకి తీసుకుని, ముందు చూడకుండా బొటనవేలితో పైకప్పు మీద రాశాడు. తరవాత చూశాడు. "వేలికి తెలిసింది కంటికి తెలియదు" అన్నట్టు ఏదో ఇంగ్లీషులో గొణిగాడు. ఇవాళ ప్రదర్శనల్లో 'ముట్టుకోరాదు' అని బోర్డు.

ఇక రంగుల సంగతి. టెస్టర్స్ వాళ్ళ బుల్లి నలుచదరపు గాజు సీసాలు, ఇలినాయ్‌లోని రాక్‌ఫర్డ్ నుంచి వచ్చేవి. పావు ఔన్సు పడుతుంది. నూనెలో కలిపిన ఎనామెల్. అదీ కాకపోతే అదే కంపెనీ స్ప్రే డబ్బా. సీసాల షెల్ఫులో ఎరుపంటే ఒక ఎరుపు, నీలమంటే రెండు నీలాలు. కారు కంపెనీలేమో 1970లో రంగులతో చెలరేగిపోయి ఉన్నాయి. డాడ్జ్ కార్లకు ప్లమ్ క్రేజీ అని ఒక నేరేడుపండు ఊదా ఇచ్చారు, ఫోర్డ్ వాళ్ళు గ్రాబర్ బ్లూ అన్నారు. అవి హాబీ షాపులో ఉంటే కదా! మేమేం చేసేవాళ్ళమంటే, మందుల షాపుకు వెళ్ళి గోళ్ళ రంగుల స్టాండు ముందు నిలబడేవాళ్ళం. జేబులో కారు రంగు చీటీ, చేతిలో గోళ్ళ రంగు సీసా, రెండూ దగ్గర పెట్టి కిటికీ వెలుతురులో పోల్చుకోవడం. మీసాలున్న నల్లటి మనిషి, ఊదా రంగు నెయిల్ పాలిష్ ఆరు సీసాలు కౌంటరు మీద పెడితే ఆ అమ్మాయి నా వేళ్ళ వైపు చూసేది. "మా ఆవిడకు" అనేవాణ్ణి. అప్పటికి నాకు పెళ్ళే కాలేదు.

నవ్వకండి, దాని వెనక రసాయనం ఉంది. గోళ్ళ రంగంటే నైట్రోసెల్యులోజ్ లాకర్. 1920లలో డ్యూపాంట్ వాళ్ళు డ్యూకో పేరుతో కార్లకు తెచ్చింది కూడా నైట్రోసెల్యులోజే. అది రాకముందు ఒక కారుకు పూతల మీద పూతలు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది, అది వచ్చాక గంటల్లోకి దిగింది. అంటే గోళ్ళ రంగుతో నేను చేసింది, ఫ్యాక్టరీ వాళ్ళు యాభై ఏళ్ళ కిందట చేసిందే. చిక్కల్లా ఒకటి: లాకర్‌లోని టిన్నర్ పాలీస్టైరీన్‌ను తినేస్తుంది. ఉత్త ప్లాస్టిక్ మీద కొడితే బాడీ అంతా సన్నని పగుళ్ళు పడుతుంది. అందుకని ముందు అడ్డుగోడగా ప్రైమర్ పలచగా, పొడిపొడిగా, దూరం నుంచి రెండు మూడు సార్లు చల్లి ఆరనివ్వాలి. ఎర్ర ప్లాస్టిక్‌తో పోసిన కిట్టయితే ఇంకో తద్దినం. దాని మీద తెల్ల రంగు వేస్తే నెల తిరక్కుండా గులాబీ రంగు తేలుతుంది, ప్లాస్టిక్‌లోని అద్దకం పైకి ఊరుతుంది. ముందు వెండి రంగు ఒక పూత వేస్తే ఆగుతుంది. ఇవన్నీ మాకు ఎవరూ వీడియో తీసి చూపించలేదు.

ఎనామెల్ వేసే రోజంటే ఇంట్లో శ్రాద్ధం రోజంత మడి. ముందు స్నానాల గదిలో వేడినీళ్ళు వదిలి ఆవిరి పట్టించాలి, ఆవిరితో గాల్లో దుమ్మంతా కిందికి దిగుతుంది. దిగాక లోపలికి వెళ్ళాలి, ఉన్ని స్వెట్టరు వేసుకోకూడదు. స్ప్రే డబ్బాను గోరువెచ్చని నీళ్ళలో కాసేపు నిలబెట్టాలి. పొయ్యి మీద కాదు, నీళ్ళలో. రంగు కాస్త వెచ్చబడితే పలచబడి సన్నగా చిమ్ముతుంది. చెయ్యి బాడీకి జానెడు దూరంలో ఉండాలి. మీట కారు మీద నొక్కకూడదు, కారుకు బయట నొక్కి, కారు మీదుగా వెళ్ళి, బయటికి వచ్చాక వదలాలి. మొదట రెండు మంచు పూతలు, ఆఖరున ఒక తడి పూత. ఆ తడి పూతలో ధైర్యం ఉండాలి. పిరికివాడి కారు గరుకుగా మిగులుతుంది, దూకుడుగాడి కారు తలుపు మీద రంగు కారుతుంది. ఆ రెండిటి మధ్య ఉన్న సన్న సందులోనే మొత్తం విద్య.

ఆ తరవాత చెయ్యాల్సింది ఏమీ చెయ్యకపోవడం. ఎనామెల్ ఆరడమంటే టిన్నర్ ఎగిరిపోవడం ఒక్కటే కాదు, లోపలి నూనె గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడాలి. పైకి ఆరినట్టే ఉంటుంది, పట్టుకుంటే వేలిముద్ర శాశ్వతం. ఆరిందా లేదా అన్నది ముక్కుతో చూడాలి. మూత పెట్టిన పెట్టెలో ఉంచి, తెరవగానే వాసనొస్తే మళ్ళీ మూసెయ్యాలి. వాసన పూర్తిగా పోవడానికి వారం పట్టొచ్చు, మూడు వారాలు పట్టొచ్చు, మిషిగన్ జనవరిలో బేస్‌మెంట్ అయితే సంక్రాంతికి వేసింది శివరాత్రికి ఆరేది.

ఈ చలికి విరుగుడు, అమెరికన్లు పళ్ళు, మాంసం ఎండబెట్టుకునే కరెంటు పెట్టె, ఫుడ్ డీహైడ్రేటర్. అరలన్నీ తీసి మధ్యలో కారు బాడీ పెడితే 40 డిగ్రీల వేడిగాలికి ఎనామెల్ చకచకా గట్టిపడుతుంది. వేడి మరీ మించితే పైకప్పు సోలిపోతుంది, అది చూసుకోవాలి. నేను ఒకటి కొనుక్కొచ్చి ఇంట్లో పెట్టాను. రెండో రోజుకల్లా అందులో చల్లమిరపకాయలు! "ఈ దేశంలో ఎండ లేదని నేను పదేళ్ళ నుంచి ఏడుస్తుంటే, ఈ పెట్టె బొమ్మలకు తెచ్చారా?" అని మా ఆవిడ. ఆ తరవాత నా కారుకు అందులో చోటు దొరకలేదు. రంగు వాసన వడియాలకు అంటుతుందని ఆవిడ, మిరప ఘాటు రంగుకు అంటుతుందని నేను. చివరికి రెండో పెట్టె కొన్నాం. ఇప్పటి కుర్రాళ్ళు ఆ పెట్టె ఎందుకంటారు, వాళ్ళ రంగు పావుగంటలో ఆరుతుంది కదా.

రంగు ఆరాక రుద్దుడు. నా మటుకు అసలు పని అక్కడే. ఆ రోజుల్లో హార్డ్‌వేర్ షాపులో 600 నంబరు ఉప్పుకాగితాన్ని మించిన నునుపు దొరకడం గగనం. దాన్ని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, నీళ్ళలో సబ్బు చుక్క వేసి, ఒకే దిక్కుగా, బరువు పెట్టకుండా, కాగితం తన బరువుతో తాను జారినట్టు నడపాలి. అంచుల జోలికి పోకూడదు, ఎత్తుగా ఉన్న చోట రంగు ముందు లేచిపోయి ప్రైమర్ బయటపడుతుంది. కాసేపటికి కారంతా బూడిద పట్టి, కళ తప్పి, ఎందుకు మొదలుపెట్టానురా అనిపిస్తుంది. అక్కడి నుంచి కార్లకు వాడే రబ్బింగ్ కాంపౌండు, ఆ తరవాత తెల్లటి పళ్ళ పేస్టు, మెత్తటి పాత పంచె ముక్క. చిన్న చిన్న సున్నాలు చుట్టుకుంటూ పోతే, మెల్లగా బల్బు ప్రతిబింబం పైకప్పు మీదికి వస్తుంది, ముందు మసకగా, తరవాత అంచులతో సహా.

నాకు ఆ పని కొత్త కాదు. మాది వరాహ నది పక్క పల్లె, ఏటికొప్పాక కూతవేటు దూరం. అక్కడి లక్క బొమ్మలకు, అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తరవాత ఎండిన మొగలి రేకుతో ఒత్తి రుద్దితే మెరుపు లేస్తుంది. లక్కకు రంగులు విత్తనాల నుంచి, వేళ్ళ నుంచి, బెరడు నుంచి తీస్తారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, వాటి మెరుపును చిన్నప్పుడే చూసినవాణ్ణి నేను. ఆ మెరుపు కళ్ళలో గుచ్చుకోదు, చేతిలోకి తీసుకోమంటుంది. లాకర్ అనే ఇంగ్లీషు మాట ఎక్కడినుంచి వచ్చిందన్నది పండితులు తేల్చుకోనీ, ఆ బొమ్మకూ ఈ కారుకూ మెరుపు చేత్తోనే రావాలని నాకు చిన్నప్పుడే ఒంటబట్టింది.

ఇప్పుడు ఆ మెరుపు సీసాలో వస్తోంది. టూకే క్లియర్ అంటారు. ఒక సీసాలో యూరిథేన్, ఇంకో సీసాలో దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్, కొలత ప్రకారం కలిపి ఎయిర్‌బ్రష్‌తో కొడితే, తనంతట తానే చదునై, గట్టిపడి, గాజు పొరై కూర్చుంటుంది. రుద్దే పని సగానికి సగం పోయింది. నిజం కార్లకూ ఇదే వాడతారు అంటారు. వాడతారు, కాదన్నానా? కానీ నిజం కారు పూతలన్నీ కలిపితే ఒక మిల్లీమీటరులో పదో వంతు. నువ్వు అంతే మందాన్ని 25వ వంతు కారు మీద పోస్తే, నిజం కారు లెక్కలో అది రెండున్నర మిల్లీమీటర్లు. తలుపు గీతలు పూడిపోతాయి, షెవర్లే గుర్తు కరిగిపోతుంది, వైపర్లు బాడీలో కలిసిపోతాయి. అందుకని వీళ్ళు ఏం చేస్తారంటే, రంగు వెయ్యకముందే తలుపు గీతలన్నీ సూదితో లోతుగా గీసుకుంటారు. ముందు గాడి తవ్వి తరవాత పూడ్చడం!

ఇంకో లెక్క ఉంది, అది ఈ కుర్రాళ్ళకు చెబితే మొహం తిప్పుకుంటారు. 25వ వంతు మోడల్‌ను అడుగు దూరం నుంచి చూస్తే, నిజం కారును 25 అడుగుల దూరం నుంచి చూసినట్టు. అంత దూరంలో నిలబెట్టిన కారును ఎప్పుడైనా సరిగ్గా చూశారా? దానిలో ఆకాశం కనిపిస్తుంది, చెట్టు కనిపిస్తుంది, మీ ముక్కు కనిపించదు. నలుపు కూడా మరీ నలుపుగా ఉండదు, మధ్యలోని గాలి దాన్ని కాస్త బూడిద వైపు లాగుతుంది. విమానాల మోడళ్ళు చేసేవాళ్ళు ఎప్పటినుంచో దూరానికి తగ్గట్టు రంగు తేలిక చేసుకుంటారు. కార్లవాళ్ళకు మాత్రం పట్టదు. మెటాలిక్ రంగుల్లో మరీ దారుణం. నిజం కారు రంగులోని అల్యూమినియం రేణువును కూడా 25 రెట్లు చిన్నది చెయ్యలేం కదా, అదే రంగు తెచ్చి మోడల్ మీద కొడితే మట్టిలో అభ్రకం ముక్కలు కలిపినట్టే. ఫలానా కారు ఫలానా కోడు అని ఆర్డరిస్తే ఫ్యాక్టరీ రంగు సీసా ఇంటికొచ్చేస్తుంది ఇప్పుడు. కోడు కచ్చితం, కంటికి మాత్రం తప్పు. గోళ్ళ రంగుల్లో వెతుక్కునేటప్పుడు మేం కోడుతో కాదు, కళ్ళతో పోల్చుకునేవాళ్ళం.

ఇక ఆ హార్డ్‌నర్ సంగతి కెమిస్టుగా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. అందులో ఉండేవి ఐసోసయనేట్లు. భోపాల్‌లో ప్రాణాలు తీసింది ఇది కాదు, అది మిథైల్ ఐసోసయనేట్, కానీ ఇంటిపేరు ఒకటే. వీటికి ఒంట్లో ఒకసారి అలవాటు పడితే ఆ తరవాత కొంచెం తగిలినా ఉబ్బసం వస్తుంది. వాసన చూసి జాగ్రత్త పడదామంటే వాసన తెలిసేటప్పటికే మోతాదు మించుతుంది. కార్ల పెయింటు షాపుల్లో బయటినుంచి గాలి గొట్టం పెట్టుకుని కొడతారు. ఇక్కడేమో పక్క గదిలో పాప నిద్రపోతుంటే గ్యారేజీలో కొడుతున్నారు, మూతికి కోవిడ్ నాటి గుడ్డ మాస్కు. మా కాలంలో జిగురు పీల్చి పిల్లలు చెడిపోతున్నారని గోల పుట్టినప్పుడు, 1960ల చివర టెస్టర్స్ వాళ్ళు జిగురులో ఆవాల ఘాటు కలిపారు. పీల్చినవాడికి ముక్కు మండిపోవాలని. దేశంగాని దేశంలో హాబీ షాపులో మూత తియ్యగానే ఆవపెట్టిన కూర గుర్తొచ్చేది నాకు. ఈ క్లియర్‌లో అలాంటిదేమైనా కలిపితే బాగుణ్ణు.

అన్నీ చెడిపోయాయని నేనంటానా? అనను. కొన్ని బాగుపడ్డాయి. జపాన్ వాళ్ళ ప్రైమర్లు నిజంగా బంగారం. షిజువోకా నుంచి వచ్చే టమియా స్ప్రే డబ్బాలు చిమ్మే సన్నదనం మా రోజుల్లో ఎయిర్‌బ్రష్‌తో కూడా రాలేదు. మైక్రో-మెష్ అని విమానాల కిటికీలు రుద్దడానికి వాడే గుడ్డ ఉంది, 12000 దాకా నంబర్లు, 600 కాగితంతో కుస్తీ పట్టినవాడికి దాని విలువ తెలుస్తుంది. పని పాడైతే రంగు ఊడబీకడానికి మేం బ్రేక్ ఆయిల్‌లో ముంచేవాళ్ళం, చేతులు వారం కంపు. ఇప్పుడు మందుల షాపులో దొరికే ఆల్కహాలు చాలు. ఒప్పుకుంటున్నాను. కానీ ఈ సుఖాలన్నీ ఉన్నప్పుడు ఇంకా కాస్త జాగ్రత్తగా చెయ్యాలా, ఇంకా కాస్త లావుగా పొయ్యాలా?

క్రోము విషయంలో మాత్రం ఈ రోజుకీ మా కాలం మందునే వాడుతున్నారు, దానికి సంతోషం. పక్క ఊరు ఫార్మింగ్టన్‌లో బేర్-మెటల్ ఫాయిల్ అని ఒక చిన్న కంపెనీ. జిగురు పూసిన అల్యూమినియం రేకు, ఊపిరి తగిలితే లేచిపోయేంత పలచన. 1957 బెల్ ఎయిర్ పక్కన వెనక చక్రం మీదుగా గీతలు గీతలుగా అల్యూమినియం పట్టీ ఉంటుంది కదా, దాని మీద ఈ రేకు పరిచి, పంటిపుల్లతో ఒక్కొక్క గాడిలోకి నొక్కి, కొత్త బ్లేడుతో అంచు వెంట కోస్తే, మిగతాది లేచి వచ్చేస్తుంది. బ్లేడు కొత్తది కాకపోతే రేకు చిరుగుతుంది. బ్లేడు కొనడానికి పిసినారితనం చేసేవాడు బెల్ ఎయిర్ జోలికి పోకూడదు. ఇప్పుడు క్రోము కలంతో గీసేస్తున్నారు. అది వెండిలా మెరుస్తుంది, దాని మీద వేలు పడ్డాక సీసంలా కనిపిస్తుంది.

పోటీల్లో జడ్జీలు వేరు. చేతిలో చిన్న టార్చి, కళ్ళకు భూతద్దం. పైకప్పు మీద టార్చి వేసి, బల్బు ప్రతిబింబం అంచు ఎంత పదునుగా ఉందో చూసి మార్కులు. ఒకసారి నేను 1970 ఛాలెంజర్ పెట్టాను. హామ్‌ట్రామిక్ ఫ్యాక్టరీ నుంచి ఆ కార్లు ఎలా వచ్చేవో అలాగే: పైన నిగనిగ, తలుపుల కింద కాస్త గరుకు, డిక్కీ లోపల పలచన. జడ్జీ కుర్రాడు వచ్చి, తలుపు కింద టార్చి వేసి, "ఆరెంజ్ పీల్" అని రాసుకున్నాడు. "అది ఉద్దేశపూర్వకం బాబూ, ఆ గరుకును నేను ఎంత కాలం కొలిచానో నీకు తెలియదు" అన్నాను. "నాకు కనిపించిందే రాయాలి సార్" అన్నాడు. మొదటి బహుమతి ఎవరికొచ్చిందో చెప్పక్కర్లేదు కదా, ఎరువు మోసే పికప్పుకు.

ఆ పికప్పు కుర్రాడు మొన్న ఇంటికొచ్చాడు. రబ్బింగ్ నేర్పమన్నాడు, అదీ నెగ్గినవాడు. బేస్‌మెంట్లో కూర్చోబెట్టి 600 కాగితం, నీళ్ళ గిన్నె ఇచ్చాను. కాసేపు రుద్ది, "ఇది ఎంతసేపు అంకుల్?" అన్నాడు. "అయ్యేదాకా" అన్నాను. మధ్యలో ఒకటికి రెండుసార్లు ఫోను చూసుకున్నాడు. అయినా లేవలేదు. మా ఆవిడ పెసరట్టు తెస్తే ఎడమ చేత్తో తిన్నాడు, కుడి చెయ్యి ఆపలేదు. అక్కడ మాత్రం నాకు వీడు పనికొస్తాడనిపించింది. వెళ్తూ, "చేత్తో చేస్తే మెరుపు కొంచెం తక్కువే అంకుల్" అన్నాడు. తక్కువే మరి! ఇంతసేపూ నేను మొత్తుకుంటున్నదేమిటి?

హైదరాబాదులో మా తమ్ముడి మనవడికి కూడా ఈ పురుగు కుట్టింది. వాడి పాట్లు వేరు. పెద్దతాత పంపిస్తాడని వాట్సాప్‌లో జాబితాలు పెడతాడు. మన దేశంలో ఇవన్నీ బొమ్మల కింద లెక్క, 2020లో బొమ్మల దిగుమతి సుంకం 20 నుంచి 60 శాతం చేశారు, 2023లో 70 చేశారు. స్ప్రే డబ్బా విమానంలో పంపనివ్వరు, మండే వస్తువు. అందుకని కూకట్‌పల్లి ఫ్లాటు బాల్కనీలో నీళ్ళ యాక్రిలిక్‌ను కుంచెతో పూస్తున్నాడు. వాడి అంబాసిడర్ ఫొటో పెట్టాడు, తెల్లగా, కుంచె గీతలు కనిపిస్తూ, ఏ పాకమూ లేకుండా. నిజం అంబాసిడర్ కూడా అలాగే ఉండేదిరా అని రాశాను. వాడు అది తిట్టనుకుని రెండు రోజులు మాట్లాడలేదు. ఇక్కడివాడు తిడితే థాంక్యూ అంటాడు, అక్కడివాడు మెచ్చుకుంటే అలుగుతాడు.

వాడికి కిటికీ అద్దాలు ముంచడానికి ఫ్యూచర్ కావాలట. జాన్సన్ వ్యాక్స్ వాళ్ళు గచ్చు మెరవడానికి అమ్మిన నీళ్ళలాంటి యాక్రిలిక్ అది. మోడల్ కారు అద్దం అందులో ముంచి ఆరబెడితే గీతలన్నీ మాయమయ్యేవి. పేరు మార్చారు, మళ్ళీ మార్చారు, తరవాత అమ్మడం మానేశారు. నా దగ్గర ఉన్నది అడుగంటింది, వాడికివ్వను. 1990లలో ఇల్లు కొన్న తెలుగువాళ్ళు చాలామంది వంటింటి గచ్చుకు అది వాడారు. మీ బేస్‌మెంట్లో మెట్ల కింద, పాత పెయింటు డబ్బాల వెనక చూడండి. సీసా సగం ఉన్నా పరవాలేదు, చిక్కబడకపోతే చాలు. పారెయ్యకుండా నాకు పంపండి. పోస్టేజీ మాత్రం మీరే పెట్టుకోవాలి.